మధ్యలో ఖాళీ ఉన్న పేర్లు

రక్తపరీక్షల ల్యాబులో, తేడా ఉన్న రిపోర్టులను మాత్రం రోగుల ఫోన్లకు పంపే కంప్యూటర్ స్క్రిప్టు రాసింది అతనే.

“అన్నా,” అంది కోడ్ సరిచూస్తున్న తోటి ఉద్యోగిని, “ఫైలు పేరు ఉంచే నీ వేరియబుల్ చుట్టూ కోట్స్ గుర్తులు లేవు. రోగి పేరే ఫైలు పేరు కదా, అందులో ఖాళీ ఉంటే అక్కడ రెండుగా తెగిపోతోంది. ఆ ముక్కల పేర్లతో ఫైళ్లు లేవుగా, రిపోర్టు వెళ్లట్లేదు.”

“ఎర్రర్ రావాలిగా?”

“ఎర్రర్లు చూపించొద్దని దాని నోరు నొక్కింది నువ్వేగా!”



“కబురు రాకపోతే అంతా బాగున్నట్టేనని అందరికీ చెప్పాం కదమ్మా.”

“వదిన కూడా ఇక్కడే పరీక్ష చేయించుకుందిగా, తనకి వచ్చిందా?”

“రాలేదు. ఆ సంతోషంలో నిన్న సినిమాకి కూడా వెళ్లాం. తన పేరు రెండు ముక్కలు.”

“కోట్స్ పెట్టేశాను. ఆగిపోయిన రిపోర్టుల్లో వదినది ఉందేమో చూడనా?”

“వద్దు. నేను ఇల్లు చేరాక స్క్రిప్టు నడుపు. తన ఫోను మోగితే నేను పక్కనుండాలి.”