పొగలో పుస్తకాల పడవ

బారితో అనే నది ఒడ్డున మస్నియా టీ కొట్టులో లాంచీ కోసం కూర్చున్నాం. అడవి తగలబడుతున్న పొగకి మధ్యాహ్నమే అవతలి ఒడ్డు మాయమైంది. ఇరవై ఏళ్లు పుస్తకాల పడవ నడిపిన సహ్రానీ బాబాయ్ అందుకున్నాడు.

"ఇదీ ఓ పొగేనా! పొగంటే ఆ ఏడాదిది. అసలు నా సంగతి తెలుసుగా? పిల్లకాయ పడవెక్కి మొదటి పేజీ తిప్పే తీరు చూసి చెప్పేవాణ్ణి, వీడికి రెక్కల గుర్రాల నవల, దీనికి మంత్రగత్తెల నవల అని. ఒక్కసారీ గురి తప్పలేదు. నేనిచ్చింది చదివి నత్తి పోయినవాళ్లున్నారు."

"మొన్న జ్వరం తగ్గిందన్నావు," అన్నాడు సరుకు పడవ జర్కాసీ.

"జ్వరమూ తగ్గింది, నత్తీ పోయింది, మధ్యలో అడ్డురాకు. ఓ రోజు పదకొండేళ్ల పిల్లొచ్చింది, నోర్లైలా అని. 'నిజంగా భయమేసేది ఇవ్వండి' అంది. బురదలో ఉండే రాక్షసి నవల ఒకటుంది, ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఈ పిల్ల తట్టుకుంటుందని చూడగానే తెలిసిపోయి ఇచ్చా. గంట తిరిగేసరికి పొగ కమ్మేసింది. గట్టు మీద పిల్ల చెప్పులున్నాయి, పిల్ల లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ పోస్తున్న మస్నియా చెయ్యి ఆగింది. "అయ్యో, ఏమైంది?"

"దూకా. మెడలోతు బురద. చేతికి చెయ్యి కనబడదు. ఎదురుగా మొసలి, పడవంత. పక్కకి తోశా. దాని వెనక ఆ మొసలి తల్లి, వంతెనంత, వీపు మీద చెట్లు మొలిచాయి."

"మీకు భయమెయ్యలేదా?" బెంచీ చివర కూర్చున్నావిడ అడిగింది. ఈ మధ్యే బడికి బదిలీ అయి వచ్చిన టీచరమ్మ.

"నాకా? నన్ను చూసి దానికే భయం! అంతలో పొగ చీలి తలుపు తెరుచుకుంది, నవల అట్ట మీద ఉన్నదే, ఆకాశమంత ఎత్తు. లోపల రాక్షసి. పిల్ల జుట్టు దాని గుప్పిట్లో. అది అరిచిందయ్యా, ఆ అరుపుకి నది మూడు రోజులు వెనక్కి పారింది! నేను ఆఖరి పేజీ కింద నుంచి పైకి చదివా. రాక్షసి కరిగి నీరైపోయింది. పిల్లని భుజాన వేసుకుని..."

"అది అరవదండీ," అంది టీచరమ్మ.

"ఏది?"

"ఆ నవల్లో రాక్షసి. ఒక్కసారి కూడా అరవదు. తెలిసినవాళ్ల గొంతుతో, మన పేరు పెట్టి, ఏడుస్తూ పిలుస్తుంది. పలికితే తీసుకుపోతుంది. నేనే నోర్లైలాని, బాబాయ్."

ఆవిడ బెంచీ మీద బాబాయ్ దగ్గరికి జరిగింది.

"చెప్పులు గట్టున విప్పి మీ పడవలోకే ఎక్కాను. పుస్తకాల పెట్టెల వెనక చదువుకుంటున్నాను. మీరసలు బురదలోకి దిగనే లేదు. నా పేరు పిలుస్తూ సాయంత్రం దాకా ఏడ్చారు. నేను రెండు చేతులా నోరు మూసుకుని వణుకుతూ కూర్చున్నాను. పిలుస్తున్నది మీరు కాదనుకున్నాను."

జర్కాసీ నవ్వబోయి ఆగాడు. "చదవకుండానే ఇచ్చావా, బాబాయ్?"

బాబాయ్ టీచరమ్మ వైపు తిరిగాడు.

"అట్ట మీద బొమ్మ చూసి ఇచ్చేశానమ్మా. నువ్వు దొరికాక చదువుదామనుకున్నా. పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంది. తెరవడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు."