దారం చివర సర్కారు

టైలరు మామయ్యకి నోరు ఆడితే కాలు ఆడదు. కాలు ఆడితేగాని మిషను ఆడదు. ఈ సంగతి వీధి వీధంతా ఎరిగిందే గానీ, ఆ సాయంత్రం నిచ్చెనకి తెలిసొచ్చినంత బాగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

నిచ్చెన అసలు పేరు కాదు, మనిషి పొడుగు చూసి పెట్టింది. ఎన్నికలైపోయి, కొత్త అసెంబ్లీ రేపు పొద్దున మొదటిసారి కూర్చోబోతోంది. ఆ అసెంబ్లీ పెద్ద తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఎమ్మెల్యేకీ సెల్యూట్ కొట్టి లోపలికి పంపే ఉద్యోగం అతనికి దొరికింది. నిలువు కాలరున్న తెల్ల చొక్కా కుట్టించుకుని రావాలి, చెయ్యి కనుబొమ్మ దాకా చురుగ్గా లేవాలి, తేడా వస్తే నీ వెనకాల చాలామంది ఉన్నారు అని అక్కడి పెద్ద గుమాస్తా ముందే చెప్పేశాడు. ఎదురింటి అమ్మాయి ఇంకో మాట చెప్పింది. తీగ మీద బట్టలు ఆరేస్తూ, ఇటు చూడకుండానే, "తలుపు తీసేటప్పుడు టీవీలో కనపడతావుగా, చూస్తాలే" అంది. ఆ 'చూస్తాలే' అప్పట్నుంచీ అతని గుండెలో గువ్వలా మసులుతూనే ఉంది.

చొక్కాకి ఒక చెయ్యి పడింది. రెండోది బల్ల మీద పడుకుని ఉంది. బయట ఎండ గోడ దిగి, అరుగు దిగి, కాలవ దాకా పోయింది. టైలరు కొట్టుకీ టీకొట్టుకీ మధ్య ఒక్క గోనెపట్టా తెర. టీకొట్టాయన ఆ తెర ఎత్తి, "ఈసారి అసెంబ్లీ గట్టిగా నిలబడుతుందంటావా మామా?" అని అడగడమే పాపమైంది. మామయ్య కాలు పెడలు మీంచి లేచింది. గడప దగ్గర బొత్తాలు కుడుతున్న అత్త తల ఎత్తకుండానే నిట్టూర్చింది.

ఈసారి సంగతి నాకెందుకు, కిందటిసారి నిలబెట్టింది నేనే కదా, అని మొదలెట్టాడు మామయ్య. గెలిచిన ఎమ్మెల్యే ఒకడు ఊరేగింపులో చొక్కా చినిగి కొట్టులోకి దూరాట్ట, జనం బయట ఆగట్లేదట, చొక్కా విప్పే తీరిక లేక ఒంటిమీదే మామయ్య కుట్టు వేశాట్ట, సూది మొన కూడా తగల్లేదట. ఇంతవరకూ నమ్మొచ్చు. నిచ్చెన కూడా నమ్మాడు, నమ్మితే త్వరగా అయిపోతుందని.

"మామయ్యా, రెండో చెయ్యి" అన్నాడు మెల్లగా.

"వేస్తున్నానుగా అల్లుడూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తర్వాత ఏమైందంటే, రెండు పక్షాలకీ సరిగ్గా సమానంగా వచ్చాయట సీట్లు. ఎవరి వాళ్ళని వాళ్ళు ఎత్తుకెళ్ళి చెరో హోటల్లో పెట్టి తాళాలేశారట. చీమని కూడా సోదా చేసి గానీ వదల్లేదట. కానీ ప్రమాణానికి అందరికీ కొత్త బట్టలు కావాలిగా, మెడలో టేపున్నవాణ్ణి ఏ పోలీసు ఆపుతాడు? పొద్దున ఈ హోటలు, మధ్యాహ్నం ఆ హోటలు. ఆ టేపు కూడా అలంకారమేనట, గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, మెడా ఛాతీ నడుమూ అన్నీ కంట్లో అచ్చయిపోతాయట.

"కన్నే టేపు. నీకు మాత్రం టేపు పెట్టానా అల్లుడూ?"

పెట్టలేదు. నిచ్చెనకి ఇప్పుడే గుర్తొచ్చింది, గుడ్డ ఇచ్చిన రోజు కూడా ఏదో కథే చెప్తూ ఊరికే చూశాడు. లేచి వీధిలోకి చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు, ఉన్న పాత చొక్కాలోనే చెయ్యి కనుబొమ్మకి ఎత్తి దించుకున్నాడు.

అందరి చొక్కాలూ ఒక్క రాత్రిలో కుట్టాట్ట. దారం చాలకపోతే రెండు పార్టీల జెండాలూ విప్పి పోగులు తీశాట్ట, అందుకే ఏ పార్టీవాడి ఒంటిమీదైనా అవతలి పార్టీ దారం ఉంటుందట. ఇక ఒకడున్నాడు, గోడ మీద పిల్లి, ఇద్దరికీ మాట ఇచ్చినవాడు. వాడి చెయ్యి ఎటు లేస్తే సర్కారు అటు. మామయ్య వాడి చొక్కా చంక దగ్గర బిగించి వదిలాట్ట. సభలో చేతులెత్తమన్నప్పుడు వాడు ఎత్తబోయాడు, చెయ్యి భుజం దాటితే ఒట్టు. అలా ఒక్క చేతి తేడాతో సర్కారు ఏర్పడిందట.

"అబ్బో" అన్నాడు టీకొట్టాయన. టీ తాగేవాళ్ళంతా తెర దగ్గరికి చేరారు. నిచ్చెన బల్ల మీది చెయ్యి తీసి మామయ్య ముందు పెట్టాడు. మామయ్య దాన్ని తీసి, మాట్లాడుతూనే, చొక్కాకి తగిలించి నాలుగు తొక్కులు తొక్కి మళ్ళీ ఆగాడు.

"అది ఒక్కరోజు పని. ఐదేళ్ళు నడిపించొద్దూ? ఏం చేశానో తెలుసా?"

అందరి చొక్కా చేతుల్లోంచీ ఒకే దారం పోనిచ్చాట్ట. ఆ కొస పట్టుకుని, రీలు ఒళ్ళో పెట్టుకుని, పైన జనం కూర్చునే గ్యాలరీలో కూర్చునేవాట్ట. లాగితే అందరి చేతులూ లేచేవి, వదిలితే దిగేవి. ఓసారి జలుబు చేసి తుమ్మాట్ట, దారం ఎగిరింది, సభంతా చేతులెత్తేసింది, చట్టం పాసైపోయింది.

"ఏం చట్టం మామా?"

"మన వీధి దీపాలది. అందుకే అవి తుమ్మి తుమ్మి వెలుగుతాయి."

నవ్వుల్లో గ్లాసులు దొర్లాయి. చివరికి రెండు పక్షాలూ కాళ్ళబేరానికొచ్చి, ముఖ్యమంత్రి కుర్చీ నువ్వే ఎక్కు అన్నారట. నాకు మిషను స్టూలు చాలు, దాని మీద నుంచి నన్ను దింపే మొనగాడు పుట్టలేదు అన్నాట్ట.

అంటూ, ఆఖరి కుట్టు వేసి, దారం కొరికి, చొక్కా నిచ్చెన మీదికి విసిరాడు. "తొడుక్కో. రేపు టీవీవాళ్ళు నిన్నొదిలి ముఖ్యమంత్రిని చూపిస్తే నన్నడుగు."

నిచ్చెన తొడుక్కున్నాడు. కాలరు బాగుంది. ఛాతీ బాగుంది. అందరూ చూస్తుండగా చెయ్యి ఎత్తాడు. భుజం దాకా వచ్చి, సగంలో ఆగిన రైలు గేటులా ఉండిపోయింది. ఇంకా ఎత్తబోతే చంకలో కుట్టు కిరకిరమంది. ఎదురింటి గదిలో టీవీ, దాని ముందు ఆ అమ్మాయి, టీవీలో చెయ్యి లేవని తను, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. అరవాలనిపించింది. కానీ గొంతులోంచి మెల్లగా వేరే మాట వచ్చింది.

"మామయ్యా, నేను ఏ పార్టీకి చెయ్యెత్తుతానని భయపడ్డావు?"

అందరూ నవ్వారు. మామయ్య నోరు తెరిచాడు.

అత్త బొత్తాల డబ్బా మూసింది. "సభ వాయిదా. గ్లాసులు పెట్టేసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళండి, ఈయన కాలు ఆడాలి" అని తెర దించేసింది. ఇటు తిరిగి మొగుడితో, "చంక విప్పండి. మీ కంటి సంగతి ఎరిగినదాన్ని, కత్తిరించేటప్పుడే లోపల గుడ్డ ఎక్కువ వదిలాను" అంది.

మామయ్య మెడలో దండలా వేలాడే టేపు కిందికి దిగింది. నిచ్చెన దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో అన్నాడు.

"చెయ్యెత్తు అల్లుడూ. కొలుస్తాను."