దర్జీగారి పథ్యం

మధ్యాహ్నం. ముందు గదిలో మిషను దగ్గర దర్జీ. ఉతకబోయిన చొక్కా చేత్తో పట్టుకుని ఆయన భార్య.

“మాట మార్చకండి. ఎవరావిడ?”

“ఏ ఆవిడే?”

“నెల రోజులుగా చూస్తున్నాను. వేపుడు లేనిదే ముద్ద దిగని మనిషి, పెరుగూ ఆకుకూరా పొట్టు తియ్యని పప్పూ అంటున్నారు. ఏడింటికల్లా తినేయాలట. తిన్నాక నడకట!”

“నడకకి నిన్నూ లాక్కెళ్తున్నాగా. ఆవిడ దగ్గరికి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పోతాడా ఎవడైనా?”

“అదే నా అనుమానం! నా కళ్ళకి గంతలు కట్టడానికే.”

“నీకో దండం. పొట్ట బాగుండాలని, అంతే.”

“మీ పొట్టకేం? రాళ్ళు తిన్నా అరిగించుకుంటారు. మరి ఈ చీటీ ఏంటి? జేబులో దొరికింది.”

“ఇటివ్వు. ఇటివ్వమంటుంటే!”

“ఇవ్వను. ‘ఆరు నెలలుగా కడుపుబ్బరం, మంట. ఐదు కిలోలు తగ్గారు.’ తగ్గారా? మీరా? మొన్నేగా బెల్టు చాలక చివర్న ఇంకో బెజ్జం పొడిచారు! డాక్టరుకే అబద్ధం చెప్పిన మనిషి నాకెన్ని చెప్పుంటారు?”

“తగ్గింది అబద్ధం కాదు.”

“మరి తగ్గిందెవరు?”

“నువ్వు... మంటకి మాత్రలు రోజుకెన్ని మింగుతున్నావ్?”

“నా సంగతెందుకిప్పుడు? ఎప్పుడైనా ఒకటి.”

“ఒకటా? పప్పు డబ్బా వెనక ఖాళీ అట్టలు తొమ్మిదున్నాయి.”

“నా వంటింట్లో మీకేం పని?”

“ఈ ఆరు నెలల్లో నీ బట్టలు రెండుసార్లు బిగించి కుట్టాను. కొలతలు తీసేవాణ్ణి, నాకు తెలీదుటే? డాక్టరంటే, నాకేం రోగం అని ఎగురుతావ్. నీకోసం విడిగా వండుకోమంటే వండుకోవు. నాకు వండిందే, నేను తినగా మిగిలిందే నీకు తిండి.”

“అయితే... ఈ పథ్యం...”

“నీకే. నీ బాధలన్నీ నావని చెప్పి రాయించుకొచ్చాను.”

“అయ్యో! ఎంత మనిషండీ! నేనేమో ఏవేవో... చెప్పొచ్చుగా నాతో!”

“చెబితే తినేదానివా?”

“సరే, తింటున్నాగా. ఉబ్బరం తగ్గింది కూడా. ఇంక ఈ చీటీ చించేస్తాను.”

“చించకు. వెనక్కి తిప్పి చదువు. ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్తే రాశారు.”

“‘బరువు తగ్గడం మంచిది కాదు. గొట్టం వేసి లోపల చూడాలి. రేపు పదింటికి.’ ఇది... మీ పేరు మీదే ఉందిగా.”

“పేరు మార్పిస్తాను. పథ్యమంటే నీ బదులు చేశాను. ఆ గొట్టం నీ బదులు మింగలేనే.”