నెస్తోరె కొడుక్కి చోటు

1961. పో నది మైదానంలో ఒక చిన్న పట్నం. మధ్యాహ్నం వేళ, బార్‌లో ఇద్దరు. ఉల్డెరికో ఒకప్పటి ఫుట్‌బాల్ సెంటర్ ఫార్వర్డ్, ఇప్పుడు ఆ ఊరి జట్టుకు కోచ్. నెస్తోరె ఒకప్పటి డిఫెండర్, ఇప్పుడు పక్క ఊరి జట్టుకు కోచ్.

“కూర్చోమనవా, ఉల్డెరికో?”

“నిలబడే చెప్పు. నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా.”

“అదిగో, మొదలెట్టావు. పాత సంగతులు ఇప్పుడు...”

“నీకు పాతవి. మెట్లెక్కినప్పుడల్లా నాకు కొత్తవే.”

“నేనొచ్చింది ఇవానో కోసం. మావాడికి నీ జట్టులో చోటిస్తావేమోనని.”

“చూశాను వాణ్ని. బంతిని పిల్లిని నిమిరినట్టు నిమురుతాడు. నీ పోలికే లేదు, అదృష్టవంతుడు.”

“వాళ్లమ్మ పోలిక. నా దగ్గర ఆడడట. నాది పశువుల ఆటట.”

“బుద్ధిమంతుడే.”

“చూడు, ఆ రోజు నేను కావాలని...”

“కావాలని కాదా? అను. నా మొహం చూసి అను.”

“బంతి కోసమే వచ్చాను.”

“బంతి అప్పటికే గోల్లో ఉంది, నెస్తోరె! గోల్లో! చేతులెత్తి మావాళ్ల దగ్గరికి పరిగెడుతున్నాను నేను. నువ్వు వెనకనుంచి వచ్చావు.”

“మా కోచ్ బెదిరించాడు. వాణ్ని వదిలితే రేపట్నుంచి ఇటుకల బట్టీకే పోతావు అన్నాడు. నేనేం చెయ్యను?”

“ఆ వారమే నన్ను జాతీయ జట్టుకి పిలిచారు. నీలం చొక్కా! మా అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. ఏం కప్పుకున్నాను చివరికి? ఆసుపత్రి దుప్పటి. ఆ తర్వాత రెండో డివిజన్, మూడో డివిజన్, ఆపైన పేరు లేని బురద మైదానాలు. ‘పోరా కుంటోడా’ అని నారింజ తొక్కలు విసిరేవాళ్లు. నువ్వేమో కప్పు పట్టుకుని ఫొటోలు దిగావు.”

“తిట్టు. కొట్టు. చర్చి ముందు మోకాళ్ల మీద నిలబడమన్నా నిలబడతాను. పిల్లాడి మీద మాత్రం కక్ష తీర్చుకోకు.”

“వాడి మీద నాకెందుకు కక్ష? పొద్దునే తీసుకున్నాను.”

“ఏమిటీ?”

“జట్టులోకి తీసుకున్నాను అంటున్నా.”

“నిజంగానా? మడోన్నా తల్లీ! ఏదీ, నీ చెయ్యి ఇలా...”

“చెయ్యి తియ్యి. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడిస్తున్నాను. నేనాడిన చోటే.”

“వాళ్లమ్మ వింటే ఏడ్చేస్తుంది సంతోషంతో. ఎప్పట్నుంచి?”

“ఈ ఆదివారం.”

“ఈ ఆదివారం... మీకు మాతోనే కదా మ్యాచ్?”

“అవును. ఓడితే మీరు కింది డివిజన్‌కి పోతారు, నీ ఉద్యోగం కూడా పోతుంది. తెలుసు.”

“వద్దు, ఉల్డెరికో. వచ్చే వారం ఆడించు. మా డిఫెండర్లిద్దరూ మనుషులు కారు. వాణ్ని నిలబడనివ్వరు. వాళ్ల సంగతి నీకు తెలీదు.”

“నాకు తెలీదా? వాళ్లకి నేర్పింది నువ్వే కదా.”