ఏటిగట్టు మింగిన పట్టుచీర

పీతల నూకాలని ఒకావిడుండేదంట. ఏటిగట్టు కిందే పాక, పాకెనకాల రెండు కుంచాల చేను, అంతే ఆవిడ ఆస్తి. రోజూ పొద్దున్నే బుట్టట్టుకుని గట్టెక్కేది, బొక్కల్లో చెయ్యెట్టి పీతల్ని లాగేది, ఊళ్లో అమ్ముకునేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, భయమూ లేదనుకో. ఆ ఊరి మునసబు పేర్రాజుగారని, ఆయనేం చేశాడంటే, వరదొస్తే ఊరు మునిగిపోద్దని గట్టుని మూరెడెత్తు లేపించాడు. మంచి పనే, నేను కాదన్ను. లేపించాక నూకాల్ని పిలిచి, ఏమే, గట్టంతా తవ్వేస్తన్నావు, రేపట్నించీ దానిమీద కాలెట్టావంటే ఊరుకోను అన్నాడంట. అయ్యబాబోయ్, తవ్వేది నేను కాదండి, పీతండి, నేను పీతని తీసేసి ఆ బొక్కలో బంకమట్టి కూరుతన్నానండి, అందంట ఈవిడ. ఇంటాడా? బుట్ట లాక్కుని ఏట్లోకి విసిరేశాడు.

సరే, రెండేళ్లు గడిచాయి. నూకాలు కూలికెళ్లింది. గట్టులో పీతలు మాత్రం పిల్లాపాపల్తో హాయిగా కాపరాలు చేసుకున్నాయి. నవ్వకే పిల్లా, విను. అప్పుడేమైందంటే, చేలన్నీ పొట్టమీదుండగా తుపానొచ్చింది. మూడ్రోజులు ఒకటే గాలి, ఒకటే వాన. నాలుగోనాడు పొద్దున్నకి ఏరు గట్టంచుకొచ్చింది. ఊరంతా గట్టెక్కింది. చూశారా, ఇంకా జానెడుంది, నేను లేపించబట్టే కదా అంటా పేర్రాజుగారొచ్చాడు. గంగమ్మకివ్వడానికి పళ్లెంలో పసుపూ కుంకుమా, వాళ్లావిడ పట్టుచీరా పట్టించుకొచ్చాడు. అందరూ గట్టు పైకే చూస్తన్నారు. నూకాలొక్కతే కింద తన చేలో నిలబడి, బాబుగారో, నీళ్లు పైనుంచి రావట్లేదండి, కిందనుంచి వస్తన్నాయండీ అని కేకేసింది. చూస్తే ఏముంది, గట్టు మొదట్లో నీళ్లు బుగ్గలా పొంగుతన్నాయి. తేటనీళ్లయితే ఊట, ఫర్వాలేదు. ఇవి బురదనీళ్లు. అంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొచ్చేస్తందన్నమాట. కాసేపాగితే గండే! జనం తట్టల్తో మట్టి తెచ్చి ఆ బుగ్గమీద పోశారు. పోసింది పోసినట్టే కొట్టుకుపోయింది.

నూకాలేం చేసిందంటే, పాకలోకెళ్లి చేటెడు ఊక తెచ్చి, గట్టెక్కి ఏట్లో జల్లడం మొదలెట్టింది. అడుగేసి జల్లుద్ది, చూస్తది, ఇంకో అడుగేసి జల్లుద్ది, చూస్తది. పాపం, పాక పోతందని దీనికి మతిపోయిందిరా అన్నారంట. మతి పోవడమేంటి! ఊకంతా ఏటివాలున పోతంది, ఒక్కచోట మాత్రం గిర్రున తిరిగి మునిగిపోయింది. అదుగో బొక్క, అంది. నడుముకి తాడు కట్టుకుని దిగింది. ఆ తాడెవరట్టుకున్నారనుకున్నారు? పేర్రాజుగారే. ఏం చేస్తాడు మరి! ఆవిడ కాలెడితే ఆ బొక్క మోకాలిదాకా లోపలికి లాగేసిందంట. బంకమట్టీ గడ్డీ కూరితే నిలవట్లేదు, కరిగిపోతన్నాయి. గుడ్డ కావాలండి, పెద్దది, ఆ చీరియ్యండి అంది. అది గంగమ్మదే, అన్నాడాయన. ఆవిడ ఈ బొక్కలోంచే కదండీ వెళ్తంది, ఇక్కడే ఇచ్చేద్దామండి, అంది.

ఇచ్చాడు. గడ్డీ మట్టీ చీరలో మూటకట్టి బొక్క దగ్గరెట్టగానే, ఏరే దాన్ని లోపలికి లాక్కుని బిరడాలా బిగించేసుకుంది. అవతల బుగ్గ సన్నబడింది, తేటపడింది, ఆగిపోయింది. గట్టు నిలబడింది, నూకాలు పాక నిలబడింది, ఊరి చేలన్నీ నిలబడ్డాయి.

తర్వాతంటారా? పేర్రాజుగారు పోయేదాకా, తాను లేపించబట్టే ఆ గట్టు ఆగిందని చెప్పుకున్నాడంట. నూకాలు కాదన్లేదు. ఆయన కొనిచ్చిన కొత్త బుట్టట్టుకుని రోజూ ఆ గట్టుమీదే తిరిగింది, ఆవిడకి కావాల్సింది అదే కదా. వాళ్లావిడ మాత్రం, ఏరు తీసిందిగా, నా చీర తవ్వించండి, ఉతికి కట్టుకుంటానని ఏడాదిపాటు పోరిందంట. అంత మునసబూ ఏమనేవాడంటే, నాదేముందే, నూకాల్ని అడగాలి, అనేవాడంట.