గంగవ్వ ఏరిన సముద్రపు రాళ్ళు

"అవ్వా, గంగవ్వ చదువు రాకుండానే కాలేజీలో సారుకే రాళ్ళు గుర్తుపట్టి చూపించిందంట, నిజమేనా?"

నిజమేనే పాపా! నా కండ్ల ముందర జరిగింది. ఈడ కూర్చో, ఆ ఫోను పక్కన పెట్టు. ఓ, రికార్డు చేస్తాండావా? చేసుకో.

గంగవ్వ అంటే మీ తాతకు అక్క, నాకు వదిన. పుట్టింది వేప్పనపల్లి పక్క పల్లెలోనే. చిన్నప్పుడు మేకలు కాసింది. నలభై మేకలుంటే, దేని పిల్ల ఏదో మొగం చూసి చెప్పేది. నేను పదిసార్లు చూసినా అన్నీ ఒకటే మాదిరి కనపడేవి, దేవుడు నాకు ఆ కన్ను ఇయ్యలేదు. మా పెండ్లయిన కొత్తల్లో ఈడ వానల్లేవు, మేమందరం అరియలూరు పక్కకు పోయినాము. ఆడ సున్నపురాయి క్వారీలు. మూడేండ్లు... కాదు కాదు, నాలుగు, మీ నాయన ఆడనే కదా పుట్టింది. నాలుగేండ్లు గంపలు మోసినాము.

ఆ రాళ్ళల్లో గుండ్రంగా, నిమ్మకాయంత రాళ్ళు దొరుకుతాయి. పైన ఐదు గీతలు, పువ్వు మాదిరి. మేము దేవుడు చెక్కినాడు అనుకొని కండ్లకద్దుకొని అవతల పెట్టేవాళ్ళం. వదిన అట్ల కాదు. తిప్పి తిప్పి చూసేది, అడుగున తడిమేది. "ఇది రాయి కాదే సుబ్బక్కా, ఒకప్పుడు ప్రాణముండేది. నోరుంది చూడు" అనేది. నేను నవ్వేదాన్ని. నాకేం తెలుసు?

తిరిగి వచ్చినాక శానా ఏండ్లకు, బర్గూరు పక్క ఒక కాలేజీలో మా ఇద్దరికీ ఊడ్చే పని దొరికింది. రాళ్ళ చదువు చెప్పే తావు అది. ఆడ వసంతా మిస్సు అని ఒకామె, మంచామె. ఒకరోజు పొద్దున పోతే ఆమె నేలమీద కూర్చోని ఏడుస్తాండాది. ముందర ఒక చెక్కపెట్టె. చెదలు పట్టి చీటీలన్నీ తినేసినాయి. ఆ పెట్టెలో ఉండేవి ఆమెకు చదువు చెప్పిన పెద్దాయన బ్రతికినన్నాళ్ళూ ఏరి పెట్టిన రాళ్ళంట. ఆయన పోయినాడు. ఏ రాయి ఏదో రాసిన కాగితాలు మన్నైపోయినాయి, రాళ్ళన్నీ కలిసిపోయినాయి.

వదిన చీపురు పక్కన పెట్టి లోపలికి చూసింది. అంతే, మొగం వెలిగిపోయింది. "అయ్యో, ఇవి నాకు తెలిసినోళ్ళే!" అనింది.

నేను కొంగు పట్టి లాగినాను, "వదినా, గమ్మునుండు" అని. వింటుందా? కూర్చోనింది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకొని, తిప్పి, రెండు కుప్పలు పోసింది.

మిస్సు కండ్లు తుడుచుకొని అడిగింది, "గంగమ్మా, ఎట్ల వేరు చేస్తాండావు?"

"ఏముందమ్మా, ఈ గుండ్రందానికి నోరు కడుపు నడిమధ్యన ఉంది. ముడ్డేమో నెత్తిన. ఏ పక్క తిప్పినా ఒకటే. ఇది నాలుగు పక్కలా పాకింటుంది. ఈ పొడుగుదానికేమో నోరు ముందరకు జరిగింది, ముడ్డి వెనకుంది. ఇది ముందుకు పొయ్యేది. ముందుకు పొయ్యేదానికే కదా ముందరా వెనకా ఉండేది? మేక చూడు."

మిస్సు నోరు తెరిచి చూస్తా ఉంది. అప్పుడు చెప్పింది, ఇవి సముద్రంలో ముళ్ళబంతుల మాదిరి బ్రతికిన జీవాలంట. సీ అర్చిన్లు అంటారంట. ముళ్ళు రాలిపోయి ఒళ్ళు రాయైందంట. ఆ ఐదు గీతలు సన్న కాళ్ళు బయటికొచ్చే బొక్కల వరసలంట. వెనక ముడ్డి ఉండేది బురదలో దూరి ముందుకు పోయేదంట. వదిన చెప్పిందే! చదువుకున్నోళ్ళు పుస్తకంలో రాసిందాన్ని ఈమె వేళ్ళతో చదివింది.

ఆ మాటల్లోనే మిస్సుకు పైన ఉండే పెద్ద సారు వచ్చినాడు. కోపిష్టి ఆయన. గుండ్రటి వాటి కుప్పలోనుంచి ఒక రాయి ఎత్తినాడు. అది పొడుగ్గా, సొట్టపోయి ఉంది. "ఇది ఆ పొడుగువాటి కుప్పలో ఉండాలి. ఊడ్చేవాళ్ళ చేత ఈ పని చేయిస్తారా?" అని మిస్సును కసిరినాడు.

మిస్సు తల వంచుకొనింది. వదిన లేచింది. ఆ పని పోతే మాకు వేరే లేదు పాపా, మీ తాతకు అప్పటికే కాలు పడిపోయింది.

"సారూ, అది గుండ్రందే. పైన బరువు పడి నలిగింది, పాపం. నెత్తిన మట్టి గట్టిపడి మూసుకోనుంది. అది తీసి చూడండి. ముడ్డి నెత్తిన లేకుంటే రేపటినుంచి నేను పనికి రాను."

ఆ మాట అనేసింది!

మిస్సు నీళ్ళు తెచ్చి తడిపింది. వదిన ఇనుము ముట్టనియ్యలేదు, చీపురుపుల్ల చీల్చి ఇచ్చింది. మిస్సు గీకుతా ఉంటే, ఆడ చదువుకునే పిల్లోళ్ళందరూ చుట్టూ చేరినారు. మట్టి పొరలు పొరలుగా ఊడింది. శానాసేపు పట్టింది. కడకు నడినెత్తిన బొక్క, గుండ్రంగా, కందిగింజంత.

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళా పెట్టుకొని చూసినాడు. "నేను తప్పు చెప్పినానమ్మా" అన్నాడు. పిల్లోళ్ళ ముందరే! అది కూడా గొప్పే కదా, ఎంతమంది అంటారు అట్ల?

తరువాత వారం సారే పిలిచి, పిల్లోళ్ళకు నువ్వే చూపించు గంగమ్మా అన్నాడు. వదిన కుర్చీలో కూర్చోలేదు, సిగ్గు. పిల్లోళ్ళను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక రాయి పెట్టింది. "కండ్లు మూసుకోండి నాయనా. తడమండి. నోరు యాడుందో చెప్పండి" అనింది. వరస కొసన చూస్తే... పెద్ద సారు. ఆయన కూడా చేయి చాపి, కండ్లు మూసుకొని నిలబడినాడు.

వదిన పోయి ఆరేండ్లు... ఆరో ఏడో. నువ్వు చల్లగా ఉండు తల్లీ. ఎంత చదివినా, తెలిసినోళ్ళ ముందర చేయి చాపి నిలబడే బుద్ధి నీకుండనీ.