పోటీకారు కింద బురద

ఇండియానాలో ఒక పల్లె. పాతకార్ల అందాల పోటీ నుంచి లోవెల్ ఇంటికొచ్చిన సాయంత్రం. వంటింట్లో అతనూ, భార్య వెర్నా.

“బురద! వెర్నా, బురద! నా కారు కింద!”

“అరవకు, లోవెల్. పక్కగదిలో మీ అమ్మ పడుకుంది. ముందు తిను, చల్లారిపోతోంది.”

“తిండా? అందరి ముందూ గడ్డి పెట్టించుకుని వచ్చాను, కడుపు నిండింది. ఆ జడ్జి పుల్లకి అద్దం కట్టుకుని కారు కిందికి దూరాడు. దూరు నాయనా, అక్కడ నీ మొహమే తళతళలాడుతుందిలే అనుకున్నాను. బయటికొచ్చి, గీకిన బురద ఇంత నా అరచేతిలో పెట్టాడు!”

“కొంచెమేగా.”

“కొంచెమా? పదేళ్ళు ఆ కారు కింద పడుకున్నాను. నా వీపుకి మన మంచం కన్నా ఆ నేలే ఎక్కువ తెలుసు.”

“ఆ సంగతి నాకూ తెలుసు.”

“ఒక్కో నట్టూ టూత్‌బ్రష్‌తో తోమాను. పళ్ళు అంత తోముకున్నా బాగుండేది. పళ్ళు ఊడాయి, నట్లు మిగిలాయి. రోడ్డు తగిలితే మాసిపోతుందని పోటీకి కూడా లారీ మీదే ఎక్కించి తీసుకెళ్ళానే!”

“మీ క్లబ్బులో అందరూ అంతేగా. కారుంటే ఎక్కకూడదు, చూసుకోవాలి.”

“మరి నేల ముట్టని కారుకి బురదెలా అంటుతుంది? ఎవరో పూశారు. ఎవరో ఏంటి, డోర్సీ! నా పుణ్యమా అని మొదటి బహుమతి వాడికొచ్చింది. పోయిన వారం షెడ్డుకొచ్చి ‘అబ్బ, ఎంత బాగుందిరా’ అన్నాడు. వాడు బాగుందన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆ ఫోను ఇలా ఇయ్యి.”

“ఎవరికి?”

“క్లబ్బు పెద్దకి. వాణ్ణి క్లబ్బులోంచి గెంటేదాకా...”

“మన పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నీ పక్కన నిలబడింది డోర్సీయే.”

“అప్పుడు నాకు కారు లేదు.”

“ఫోను పెట్టెయ్, లోవెల్.”

“మోగుతోంది.”

“పెట్టెయ్యమన్నానా!”

“పెట్టేశాను. ఏం?”

“డోర్సీ కాదు.”

“నీకెలా తెలుసు?”

“బంగాళాదుంపలు ఇంకో రెండు వెయ్యనా?”

“వెర్నా.”

“కాస్త వెన్న?”

“వెర్నా!”

“బుధవారాలు నువ్వు క్లబ్బుకి పోతావుగా... మేమూ పోతాం. ఐస్‌క్రీం కొట్టుకి.”

“దేంట్లో?”

“దాంట్లోనే.”

“నా కారులోనా! ఆగాగు... పెట్రోలు తగ్గిపోతోందని నేను ట్యాంకు మూడుసార్లు విప్పి అతుకులేశాను!”

“నువ్వు అతుకేస్తుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.”

“కారిపోయే ట్యాంకుల మీద క్లబ్బులో ఉపన్యాసం కూడా ఇచ్చానే! చప్పట్లు కొట్టారే!”

“వచ్చాక శుభ్రంగానే కడిగేవాళ్ళం. కిందదాకా నా నడుం వంగదు, అంతే.”

“‘మేము’ అంటే ఎవరు?”

“నేనూ, మీ అమ్మా. వాళ్ళ నాన్న కొన్న కారు అది. ఒక్కసారి ఎక్కించరా అని నిన్నడిగింది, గుర్తుందా? పోటీ అయ్యాక చూద్దామన్నావు. ఒక పోటీ అయితే ఇంకో పోటీ. తొంభై ఏళ్ళ మనిషి ఎన్ని పోటీలకని ఆగుతుంది?”

“మళ్ళీ అడగలేదుగా. అర్థం చేసుకుందనుకున్నాను.”

“చేసుకుంది. అందుకే నన్నడిగింది.”

“ఛీ, నా బతుకు! కన్నతల్లిని కారెక్కించడం చేతకాలేదు గానీ, కారుని లారీ ఎక్కించి ఊరేగించాను. నాకన్నా పెద్ద గాడిద ఈ చుట్టుపక్కల ఉందా?”

“ఉంటే డోర్సీ. వాడి కారూ రోడ్డెక్కదు.”

“నవ్వించకు. ఏడుపొస్తోంది నాకు.”

“ఏడువు. ఏడ్చాక తిను.”

“వచ్చే బుధవారం క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు. అమ్మని నేనే తీసుకెళ్తాను. నువ్వు నడిపింది చాలు.”

“నేనెక్కడ నడిపాను? ఆ పెడళ్ళు నాకు అంతు చిక్కితేగా. స్టార్టవడానికి కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేదాన్ని, అంతే.”

“మరి నడిపిందెవరు?”

“వాళ్ళ నాన్న చిన్నప్పుడే నేర్పాడట.”

“అమ్మా? ఎదురుగా నిలబడితే నా మొహమే కంటికి ఆనదే అమ్మకి!”

“అందుకేగా మరి, కారు వాగులోకి దిగింది.”